బుగ్గను చూసి స్విచ్చి కొనాలె వదినా

వదినా, పొద్దుగాల అన్న గేటు కాడ కలిసి చెప్పిండు. అల్లుడు హైదరాబాద్ కెల్లి ఇంటి మొత్తానికి స్మార్ట్ డిమ్మర్ స్విచ్చిలు ఆర్డర్ పెడ్తున్నడంట గద, ఫోన్లనే వెలుగు పెంచుడు తగ్గించుడంట. మంచి ఆలోచనే చేసిండు పిల్లగాడు, కాదంటలేను. గని జర ఆగుమను. స్విచ్చి కంటె ముందు చూడాల్సింది ఇంకోటున్నది. మీ ఇంట్ల ఏ బుగ్గలున్నయి, గోడల ఏ వైర్లున్నయి, గవి చూసినంకనే స్విచ్చి సంగతి. మన కరెంటు సామాను దుకాణంల కూసుంటె ఇసొంటి కేసులు నాకు మస్తు తగుల్తయి. "గీ స్విచ్చి ఖరాబున్నదక్కా, వాపస్ తీస్కో" అని తెస్తరు. బల్ల మీద పెట్టి చూస్తె స్విచ్చి మంచిగనే ఉంటది. ఇంట్ల ఉన్న బుగ్గనే దానికి పడనిది.

పెద్దమ్మ కోసమే చేస్తున్నమన్నడు అన్న. మంచి మాట. కంటి ఆపరేషన్ అయినంక లైటు గుచ్చుకుంటున్నదని ఆమె మొన్న నాతోని గూడ అన్నది. రాత్రి లేచి లైటేస్తె ఒక్కసారే భగ్గుమంటది, కండ్లు మూస్కుంటది. ఎయ్యకుంట పోతె గల్మ తట్టుకుంటది. ఆ వయసుల పడితె తుంటి ఎముకకే దెబ్బ, ఇగ మంచం దిగుడు ఎంత కష్టమో నీకు నేను చెప్పాల్నా. వెనకట మన ఇండ్లల్ల కందిలి ఉండె. పండేటప్పుడు వత్తి కిందికి దించుతుండిరి, ఏమన్న ఎతకాల్సొస్తె పైకి తిప్పుతుండిరి. కరెంటొచ్చినంక వెలుగంటె ఉంటే ఉన్నట్టు, లేకుంటె లేనట్టు అయిపోయింది. డిమ్మరంటె మల్ల ఆ వత్తి తిప్పే పిడి చేతికొచ్చుడే.

అయితే ముసలోళ్లకు వెలుగు తక్కువుంటె మంచిదని అందరనుకుంటరు చూడు, గది సగమే నిజం. అరవై దాటినోళ్ల కంటి లోపలికి చేరే వెలుగు, ఇరవై ఏండ్ల పిల్లల కంట్ల చేరేదాంట్ల సుమారు మూడో వంతే ఉంటది. కంటిపాప చిన్నగైతది, లోపటి లెన్స్ పసుపుబడ్తది. ఆపరేషన్ తోని లెన్స్ కొత్తదొస్తది గాని పాప మల్ల పెద్దగ కాదు. అందుకే పెద్దమ్మ అర్రల తక్కువ వాట్ల బుగ్గ పెట్టి ఊకోవద్దు. వెలుగు ఎక్కువున్న బుగ్గనే పెట్టి డిమ్మర్ తోని తగ్గించాలె. మందుల అట్ట మీద తారీఖు చదివేటప్పుడు పూర్తిగ కావాలె, మాపటికి ముచ్చట పెట్టేటప్పుడు సగం చాలు, రాత్రికి మంచం అంచు, గల్మ కనపడేంత ఉంటె చాలు. ఒక్క అర్రల ఒక్క మనిషికే మూడు తీర్ల వెలుగు కావాలె. డిమ్మర్ విలువ గక్కడున్నది. హాల్ల పార్టీ లైట్ల లెక్క రంగులు మార్చుడు నాకైతె పెద్ద గొప్పగ అనిపియ్యదు.

ఇంకో సంగతి విను. మన కన్ను చిత్రమైంది. మీటర్ పెట్టి కొలిస్తె నాలుగో వంతు వెలుగున్నదనుకో, కంటికి అది సగం లెక్క కొడ్తది. అందుకే ఫోన్ల యాభై శాతం అని పెట్టినా "ఏం తగ్గలేదే" అనిపిస్తది. రాత్రికి కావాల్సింది పది కంటె కిందనే ఉంటది, ఐదు కాడనో, ఒకటి రెండు కాడనో. అంత కిందికి దిగినా కొట్టుకోకుంట నిలకడగ ఎలగాలె. అసలు పరీక్ష గక్కడనే. అగ్గువ సామాను యాభై దాక మంచిగనే నడుస్తది, ఇరవై కాడ గుట్టు బయటపడ్తది.

ఎందుకట్లయితదంటె, మన కరెంటు సెకనుకు యాభై సార్లు ముందుకెనకకు ఊగుతది, అంటె సెకనుకు నూరు సార్లు సున్నా మీదికెల్లి పోతది. డిమ్మర్ ఆ ప్రతి ఊపుల ఒక ముక్క కోసి పారేస్తది. వెనకట నాటకాల స్టేజీల కాడ వెలుగు తగ్గించాలంటె పెద్ద పెద్ద తీగ చుట్టలు పెడ్తుండిరి, కొన్ని జాగల ఉప్పునీళ్ల తొట్లు గూడ వాడిండ్రు. మిగిలిన కరెంటంత వేడైపోయేది. 1959ల అమెరికాల జోయెల్ స్పైరా అనే ఆయన గోడ స్విచ్చి డబ్బల పట్టేంత చిన్న డిమ్మర్ చేసిండు, 1961ల లుట్రాన్ అని కంపెనీ పెట్టిండు. గా కోసే ఉపాయమే ఇయ్యాల్టికి నడుస్తున్నది. ఆ కాలపు ఫిలమెంట్ బుగ్గకు దాంతోని ఏ ఇబ్బంది లేకుండె. తీగ వేడెక్కుడే గద దాని పని, ముక్క కోస్తె వేడి తగ్గుతది, వెలుగు తగ్గి ఇంకింత ఎర్రగైతది, కండ్లకు సల్లగుంటది.

ఎల్‌ఈడీ అట్ల కాదు వదినా. దాని మెడల చిన్న డ్రైవర్ ఉంటది. వోల్టేజి ఎక్కువైనా తక్కువైనా బుగ్గను ఒక్క తీరుగ ఎలిగించుడే దానికి నేర్పిన పని. మనం కోసిన కరెంటిస్తె అది సరిజెయ్యనీకె కొట్లాడ్తది. జర తగ్గిస్తె ఫుల్లే ఎలుగుతది. ఇంకింత తగ్గిస్తె మిణుకుమిణుకుమంటది, గుయ్యిమని సప్పుడు చేస్తది. ఇంకింత దించితె టక్కున ఆరిపోతది. కొన్నొద్దులు గట్ల నడిపితె డ్రైవర్ కాలుతది, అప్పుడు స్విచ్చిని తిడ్తరు.

2015 జనవరి 5న ఎల్‌ఈడీ బుగ్గలు అగ్గువకిచ్చే ఉజాలా పథకం మొదలైంది గద. సర్కారు టెండర్లల్ల 2014ల ఒక్క బుగ్గ 310 రూపాయలున్నది 2016 నాటికి 38కి దిగొచ్చింది. దేశానికి మస్తు మేలైంది, ఎన్ని ఇండ్లల్ల పాత బుగ్గలు పోయినయో. గని అగ్గువకు దొరికే మామూలు బుగ్గలు ఎయ్యనీకె, ఆర్పనీకె చేసినయి. తగ్గించనీకె పనికొచ్చేటిది వేరే ఉంటది, ధర గూడ వేరే. డబ్బ మీద డిమ్మబుల్ అని అచ్చై ఉండాలె. చిన్నగ ఒక గుండ్రటి పిడి బొమ్మేసి దాని మీద అడ్డగీత కొట్టి ఉంటె, డిమ్మర్‌కు పెట్టొద్దని అర్థం. మీ ఇంట్ల ఉన్న బుగ్గ ఒక్కటి తీసి మెడ మీది అక్షరాలు చదువు, ఐదు నిమిషాల పని.

మీ హాల్ల పీఓపీ సీలింగ్‌కు పెట్టిన ప్యానెల్ లైట్లున్నయి చూడు, ఆర్పి మల్ల ఎయ్యంగనే తెలుపు, పసుపు, నడిమి రంగు అని మారుతయి. ఆ రకం మామూలుగ డిమ్మర్‌కు పడవు. హాల్ల డిమ్మర్ కావాల్నంటె ప్యానెళ్ల మీదున్న డ్రైవర్లు మార్చాలె, లేకుంటె ప్యానెళ్లే మార్చాలె. అల్లునికి ఈ లెక్క చెప్పినవా? స్విచ్చికి పెట్టే పైసల కంటె దీనికే ఎక్కువైతది. సీలింగ్ అంచుల దాచిపెట్టిన స్ట్రిప్ లైటున్నది, దానిది ఇంకో కథ. అది 12 వోల్టులదో 24 వోల్టులదో ఉంటది, దాని డ్రైవర్‌కు స్ట్రిప్పుకు నడిమ కంట్రోలర్ పెట్టి తగ్గించాలె. గోడ మీది డిమ్మర్ తీస్కపోయి దాని డ్రైవర్‌కు తగిలియ్యద్దు, డబ్బ మీద పనికొస్తదని రాసుంటె తప్ప.

డిమ్మర్ల గూడ రెండు రకాలు. ఒకటి ఊపు మొదట్ల కోస్తది, దాన్ని లీడింగ్ ఎడ్జ్ అంటరు. ఇంకోటి చివర్ల కోస్తది, అది ట్రెయిలింగ్ ఎడ్జ్. ఎల్‌ఈడీలకు రెండోదే మెత్తగ పడ్తది, సప్పుడు గూడ తక్కువ. ఇంకా, ప్రతి డిమ్మర్‌కు కనీసం ఇంత లోడ్ ఉండాలె అని ఒకటుంటది. పాత రకం డిమ్మర్లు నలభై వాట్లకు కింద సక్కగ నడవయి. పెద్దమ్మ అర్రల తొమ్మిది వాట్ల బుగ్గలు రెండు, అంటె పద్దెనిమిదే. గందుకే బుగ్గ డిమ్మబుల్ అయినా గూడ ఒక్కోసారి కొట్టుకుంటది. డిమ్మర్ డబ్బ మీద ఎక్కువల ఎక్కువ ఎన్ని వాట్లో అందరు చూస్తరు, తక్కువల తక్కువ ఎన్నో ఎవరు చూడరు. గది చూడుమను అల్లున్ని.

కొట్టుకుంటున్నదా లేదా అని కంటికి తెల్వకపోవచ్చు. ఫోన్ కెమెరా స్లో మోషన్ల పెట్టి బుగ్గ దిక్కు చూపియ్యి. గీతలు గీతలు పారినా, వెలుగు కొట్టుకున్నట్టు కనపడినా ఆ జోడి మంచిది కాదు. గసొంటి వెలుగు కింద కూసుంటె కొందరికి తలనొప్పొస్తది, కండ్లు గుంజుతయి. పెద్దమ్మకు ఆపరేషన్ అయిన కన్ను, మనం జాగ్రత్తగుండాలె.

ఏమంటివి? స్మార్ట్ బుగ్గనే కొంటె అయిపోతది గద అంటవా? నడుస్తది, దానికి గోడల ఏం మార్చేది లేదు. గని గోడ స్విచ్చి ఎప్పటికీ ఏసే ఉంచాలె, ఫోన్ తోనే ఆర్పాలె. పెద్దమ్మ అలవాటు ప్రకారం పోయి స్విచ్చి ఆర్పుతది, ఇగ ఫోన్ల ఎంత నొక్కినా ఉలుకుండదు పలుకుండదు. ఆమెకు గోడ మీద చేతికందే పిడే కావాలె. ఒక్కటి మాత్రం చెయ్యద్దు, స్మార్ట్ బుగ్గను డిమ్మర్ స్విచ్చి మీద పెట్టొద్దు. రెండు ఒకదాన్నొకటి చెడగొడ్తయి.

ఇగ గోడ సంగతి. స్మార్ట్ స్విచ్చిల లోపల చిన్న రేడియో ఎప్పటికీ మేలుకోని ఉంటది, లైటు ఆర్పినా సరే. దానికి కరెంటు కావాలంటె ఫేజ్ తోని పాటు న్యూట్రల్ వైరు గూడ స్విచ్చి డబ్బలకు రావాలె. చానా ఇండ్లల్ల న్యూట్రల్ సీదా సీలింగ్‌కే పోతది, స్విచ్చి కాడికి రాదు. అయినా మన దిక్కు ఒక అదృష్టమున్నది. బోర్డుల స్విచ్చిల పక్కన ఫోన్ ఛార్జింగ్‌కని ఒక సాకెట్ పెట్టిస్తం గద, ఆ సాకెట్‌కు న్యూట్రల్ వచ్చే ఉంటది. సాకెట్ ఉన్న బోర్డైతె పని అల్కగైతది. మంచం తలాపున ఒక్క స్విచ్చే ఉన్న చిన్న డబ్బైతె కష్టం. అప్పుడు న్యూట్రల్ లేకుంట నడిచే మాడల్ ఎతకాలె, అవి తక్కువ లోడ్ కాడ పేచీ పెడ్తయి. డబ్బ లోతు గూడ చూడాలె. ఈ స్విచ్చిలకు వీపు ఎత్తుంటది, పాత డబ్బల బలంగ కుక్కితె వైర్లు నలుగుతయి.

ఇన్వర్టర్ ఉన్నది గద మీకు. గక్కడ ఇంకింత హుషారుగుండాలె. లైట్ల ఫేజ్ ఇన్వర్టర్ కెల్లి వస్తది, సాకెట్‌ది సీదా మీటర్ కెల్లి వస్తది. కొందరు తొందరల న్యూట్రల్ ఎక్కడ దొరికితె గక్కడికెల్లి కలుపుతరు. పోయిన దారి ఒకటి, వచ్చిన దారి ఇంకోటి అయితె కరెంటు లీకైతె ఆపే ఆర్‌సీసీబీ పడిపోతనే ఉంటది. ఎందుకు పడ్తున్నదో తెల్వక చివరికి దాన్నే పీకి పారేస్తరు, మనిషి పానం కాపాడేటిదే అది. ఏ లైనుకు ఏ న్యూట్రలో టెస్టర్ తోని కాదు, మీటర్ పెట్టి చూడుమనాలె. ఇన్వర్టర్ పాత స్క్వేర్ వేవ్ రకమైతె కరెంటు పోయినప్పుడు డిమ్మర్ మీదున్న బుగ్గలు గుయ్యిమంటయి, సైన్ వేవ్ అయితె బేఫికర్.

అన్న ఒకటంటడు, ఎల్లూరు కాడ ఎత్తిపోతల మోటార్లు లేస్తె మన లైట్లు కొట్టుకుంటయని. మన కల్వకుర్తి పేరు మీదున్న పథకమే గద, ఒక్కో మోటారు 30 మెగావాట్లది, అనుమానం రావుడు సహజమే. గని అవి పెద్ద లైన్ల మీద నడుస్తయి. మన బుగ్గను ఊపేది మన ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న లోడే, పక్కన బోరు మోటార్ లేచినప్పుడు, ఎండకాలం అందరు కూలర్లు ఏసినప్పుడు. ఫుల్ వెలుగుల ఆ ఊపు కనపడది, డిమ్ చేసినప్పుడు కొట్టొచ్చినట్టు కనపడ్తది. ఎండకాలం గాలిదుమారం, ఉరుములు వచ్చినప్పుడు లైన్ల మీద దెబ్బ పడ్తది, ఈ సున్నితమైన స్విచ్చిలు అప్పుడే పోతయి. డీబీ డబ్బల ఒక సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించుండ్రి, ఎర్తింగ్ గూడ చూపించుండ్రి. ఎర్తింగ్ గుంతల ఎన్నొద్దుల సంది నీళ్లు పొయ్యలేదో అన్ననడుగు.

ఇంకో ముచ్చట. ఫ్యాన్ రెగ్యులేటర్ ఒకటి ఖాళీగున్నది, దానికి లైటు కలుపుదాం అని ఎవరన్న అంటె ఒప్పుకోకు. లైటు డిమ్మర్ మీద ఫ్యాన్ పెట్టుడు ఇంకా తప్పు, మోటార్ మూలుగుతది, వేడెక్కుతది, కాలే ప్రమాదమున్నది. ఇప్పుడొస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లకైతె అసలు రెగ్యులేటరే ఉండొద్దు.

కరెంటు ఖర్చు తగ్గుతదని అల్లుడు చెప్పిండా? గా లెక్క మనం ఏసుకుందాం. పన్నెండు వాట్ల బుగ్గను సగం చేసి రోజుకు ఐదు గంటలు నడిపితె నెలకు యూనిట్ గూడ మిగలదు. అటు స్మార్ట్ స్విచ్చి లైటు ఆర్పినా కరెంటు తాగుతనే ఉంటది. ఒక్కోటి ఒక వాట్ అనుకో, ఇంటి మొత్తానికి పన్నెండు పెడితె నెలకు ఎనిమిదిన్నర యూనిట్లు దాటుతది. మీకు గృహజ్యోతి కింద 2024 మార్చి కెల్లి సున్నా బిల్లొస్తున్నది. రెండొందల యూనిట్ల లోపుంటెనే అది, దాటిన నెల మొత్తం కట్టాలె. ఎండకాలం మీరు నూట తొంభై కాడికొస్తరని నువ్వే అన్నవు. గా ఎనిమిదిన్నర యూనిట్లు కలిస్తె గీత అంచుకొస్తరు, ఇంకింత ఎక్కువైతె దాటుతరు. అందుకే పన్నెండు ఒద్దంటున్న. పెద్దమ్మ అర్రల ఒకటి, మీరు పండే అర్రల ఒకటి, హాల్ల ప్యానెళ్లు మార్చే పైసలుంటె అక్కడొకటి. వంటింట్ల కత్తి పట్టే జాగల నిండు వెలుగుండాలె, మెట్ల మీద, స్నానాల అర్రల గూడ అంతే, అక్కడ డిమ్మర్ పనే లేదు.

ఫోన్ సంగతొకటి మిగిలింది. ఈ స్విచ్చిలు చానామటుకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదనే నడుస్తయి, రూటర్ల 5 ఒక్కటే పెడితె దొరకవు. రూటర్ ఇన్వర్టర్ మీద లేకుంటె కరెంటు పోంగనే ఫోన్ కెల్లి పనిచెయ్యది. గోడ మీద చేత్తోని తిప్పితె మాత్రం నెట్ ఉన్నా లేకున్నా పనిచెయ్యాలె, కొనేటప్పుడు గది రూఢి చేస్కోవాలె. కొన్ని కంపెనీలవి దేశం అవతలి సర్వర్‌ను అడిగి వచ్చినంకనే లైటు ఎలుగుతది, కంపెనీ మూతబడితె యాప్ గూడ పోతది. 2022 అక్టోబర్ల మ్యాటర్ అని అన్ని కంపెనీలకు ఒకే పద్ధతి వచ్చింది, అది ఇంట్లనే మాట్లాడుకుంటది, బయటి సర్వర్ అక్కర్లేదు. డబ్బ మీద గా గుర్తున్నది దొరికితె పది రూపాయలు ఎక్కువైనా గదే తీస్కొమ్మను.

యాప్‌ల ఒక సెట్టింగ్ తప్పకుంట పెట్టాలె. కరెంటు పోయి మల్లొచ్చినప్పుడు స్విచ్చి ఏం చెయ్యాల్నో అడుగుతది. కొన్నింట్ల ముందుగాలే "ఎలగాలె" అని ఉంటది. నడిరాత్రి కరెంటు పోయి రెండింటికొస్తె అర్రంత ఫుల్ వెలుగు, పెద్దమ్మ ఉలిక్కిపడి లేస్తది. "ముందున్నట్టే ఉండాలె" అని మార్చాలె. కింది హద్దు గూడ పెట్టాలె. పిడి పూర్తిగ దించినా బుగ్గ ఆరిపోకుంట, కొట్టుకోకుంట నిలిచే జాగ చూసి అక్కడ ఆపాలె. బుగ్గ మారిస్తె ఈ హద్దు మల్ల చూస్కోవాలె.

బిగించేటప్పుడు అల్లుడు నేనే చేస్తనంటె ఒద్దను. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలువుండ్రి. ఆయన పక్కన నిలబడి ఒక్కటి చూడు వదినా, ఇది చానామంది మరుస్తరు. మెయిన్ ఆఫ్ చేస్తె పని మొదలుపెట్టొచ్చు అనుకుంటరు. మెయిన్ పడంగనే ఇన్వర్టర్ అందుకుంటది, లైట్ల వైర్లల్ల 230 వోల్టులు అట్లనే ఉంటయి. ఇన్వర్టర్ గూడ ఆర్పి, దాని అవుట్‌పుట్ వైరు తీసి, టెస్టర్ పెట్టి చూసినంకనే చెయ్యి పెట్టాలె. టెస్టర్ మంచిగ పనిచేస్తున్నదో లేదో ముందుగాల కరెంటున్న జాగల పెట్టి చూడాలె. వైరు రాగి కొసలు స్క్రూ బయటికి కనపడొద్దు, ఒక్కో వైరును గుంజి చూసి మూత పెట్టాలె. బిగించినంక ఒక గంట ఫుల్ వెలుగుల నడిపి స్విచ్చి మీద చెయ్యి పెట్టు, గోరువెచ్చగుంటె సరే, చెయ్యి కాలితె ఆర్పి పీకియ్యి.

ఆదివారం అల్లుడొస్తె దుకాణం కాడికి పంపియ్యి. డిమ్మబుల్ బుగ్గలు రెండు మూడు కంపెనీలవి, ట్రెయిలింగ్ ఎడ్జ్ డిమ్మర్ ఒకటి బల్ల మీద కలిపి చూపిస్త, ఏ జోడి అడుగు దాక నిలకడగ దిగుతదో అక్కడనే తెలుస్తది. రంగు మూడువేల కెల్విన్ లోపు పసుపు వెలుగే చూద్దాం, ఎల్‌ఈడీ తగ్గించినా ఫిలమెంట్ బుగ్గ లెక్క ఎర్రగ కాదు, తెల్లది తగ్గిస్తె మబ్బు పట్టినట్టుంటది. పెద్దమ్మకు ఓపికుంటె ఆమెను గూడ ఆటోల తోల్కరమ్మను. ఎంత వెలుగు సాలో, ఎక్కడ గుచ్చుకుంటున్నదో ఆమెనే చెప్పాలె, మనం చెప్పేది కాదు.